ఫైరాఫీసరు పటానికొక రాక్షసుడు

సిద్దిపేట
ఫిబ్రవరి 3

సారయ్యకు స్వరాజ్యలక్ష్మి టీచరు ఆశీర్వదించి రాయునది,

ఇక్కడ అందరం క్షేమం. చేర్యాల బడిలో నువ్వు ఎక్కాల పుస్తకం నిండా గుర్రాలు గీసి నా చేత దెబ్బలు తిన్నావు. ఆ గుర్రాలు బాగుండేవి. అందుకే ఈ పని నీకు చెబుతున్నాను.

నా కొడుకు గజేందర్ ఇక్కడి ఫైర్ స్టేషన్‌లో ఆఫీసరు. ఫైర్‌మన్‌గా చేరి, ముప్పై ఆరేళ్ళు నిప్పు వెంట పరుగెత్తి, ఏప్రిల్ ఆఖరున రిటైర్ అవుతున్నాడు. సన్మానం వద్దంటున్నాడు. "ఏం జేసిన్నని శాలువ? నేను పోయేసరికి అన్నీ కాలిపోయినయే గదనే అవ్వా" అంటాడు. ఆ మాట తప్పు. తప్పని వాడి కళ్ళతో వాడే చూడాలి. మీవాళ్ళు దేవుళ్ళ కథలు గుడ్డ మీద పొడుగ్గా, గడులు గడులుగా గీస్తారు కదా. వాడి ఉద్యోగమంతా అట్లాగే ఒక పటం గీసి పంపు. సభలో విప్పుదాం. నిజం తప్ప ఒక్క గీత ఎక్కువ ఉండకూడదు.

ఇట్లు
స్వరాజ్యలక్ష్మి

తా.క. ఫోన్ చేయకు. నాకు చెవులు మందం. స్పీకర్ పెడితే వీధి చివరి చెప్పుల దుకాణం దాకా వినబడుతుంది. గజేందర్ అంతకన్నా దగ్గరే ఉంటాడు. ఉత్తరాలు పక్కింటి నవనీత పేరు మీద రాయి.

---

చేర్యాల
ఫిబ్రవరి 12

టీచరమ్మకు సారయ్య దండం పెట్టి రాసుకునేది,

మీ దస్తూరి చూడంగనే కూసున్నోణ్ణి లేచి నిలబడ్డ. "ఎవరచ్చిన్రు?" అన్నది మా ఇంటామె. ఎవరు రాలే, ఉత్తరమొచ్చిందంటె నవ్వింది.

పటం తప్పకుంట గీస్త. గుడ్డకు చింతగింజల అంబలి పట్టిచ్చిన. కని ఒక చిక్కున్నది. పటమన్నంక ఒక వీరుడుండాలె, ఆయన సంపేటందుకు ఒక రాక్షసుడుండాలె. నిప్పునే రాక్షసున్ని చేద్దామంటె ఆయన అగ్నిదేవుడాయె! దేవుని నెత్తిన పైపుతోని నీళ్ళు గొట్టుడు నేను గీయ టీచరమ్మా. రేపు మా ఇంట్ల పొయ్యి అంటుకోదు. మీరే ఒక రాక్షసున్ని చెప్పున్రి. వీరునికి భార్యలెందరో, వాహనమేందో గూడ రాయున్రి.

మీ శిష్యుడు
సారయ్య

తా.క. మీసాలు గీసుడైపోయింది. చెవుల దాక వచ్చినయి.

---

సిద్దిపేట
ఫిబ్రవరి 20

సారయ్యకు ఆశీస్సులు.

రాక్షసుడు లేడు. భార్య ఒక్కతే, రోజారాణి. వాహనం నీళ్ళ ట్యాంకు ఉన్న ఎర్ర బండి. మీసాలు చెరిపెయ్యి. పొగలోకి పోయేటప్పుడు మాస్కు ముఖానికి సరిగ్గా ఆనడం లేదని ఉద్యోగంలో చేరిన ఏడాదే తీసేశాడు.

గీయవలసినవి రాస్తున్నాను. ఇళ్ళు, బడి, దుకాణాల సంగతి వేరే కాగితంలో పెట్టాను. మొదటిది గడ్డివాము. వీళ్ళు వెళ్ళేసరికి బూడిదే మిగిలింది. కానీ పక్కనున్న ఏడు వాములను తడిపి కాపాడాడు. ఆ ఊరి బర్రెలు ఆ ఎండాకాలం వాటితోనే గట్టెక్కాయి. వాడు మాత్రం కాలిన ఒక్కదాన్నే చెప్పుకుంటాడు. తర్వాత ములుగు దగ్గర పాడుబడ్డ బావి. తాడు పట్టుకుని చీకట్లోకి దిగాడు. లోపల బుసలు. కింద ఉన్నది కొమ్ములతో పొడిచింది, కాళ్ళతో తన్నింది. పక్కటెముక విరిగినా వాడు పట్టు వదలలేదు. ఇక కొమురవెల్లి జాతర. ప్రతి ఏడూ అగ్నిగుండాల పక్కన బండి పెట్టుకుని నిలబడతాడు. భక్తులు నిప్పుల మీద నడుస్తుంటే ఆర్పకుండా చూస్తూ ఉండటమే అక్కడ వాడి డ్యూటీ.

ఇట్లు
స్వరాజ్యలక్ష్మి

తా.క. ఒక జాతరలో సంతోష్ అనే కొత్త ఫైర్‌మన్ నిప్పులు చూసి ఆగలేక పైపు విప్పబోయాడు. ఆ రోజు గజేందర్ కాపాడింది సంతోష్‌నే. జనం చేతుల్లోంచి.

---

చేర్యాల
మార్చి 5

టీచరమ్మకు వేల దండాలు!

రాక్షసుడు దొరికిండు! బావిల ఉన్నోణ్ణి బావిలనే దాచిపెట్టి లేడంటరేంది? నల్లటి ఒళ్ళు, ఎనిమిది కోరలు, వంకర కొమ్ములు, కండ్లల్ల నిప్పులు. మీ కొడుకు వాని రొమ్ము మీద బూటుకాలు పెట్టి, నీళ్ళపైపు మెడకు సుట్టి ఉరి బిగిస్తున్నట్టు గీసిన. వాడకట్టంత వచ్చి చూసిపోయిన్రు. ఒక పోరి జడుసుకుంటె వాళ్ళవ్వ దిష్టి తీసింది. నా బతుకుల ఇసొంటి బొమ్మ పడలే.

ఇగ వీరుని మొఖం సక్కగ రావాలె. సోమవారం బస్సెక్కి స్టేషన్‌కు వస్త. పటం ముచ్చట చెప్ప. చూసుకుని, నాలుగు మాటలడిగి వాపస్ వచ్చేస్త.

మీ శిష్యుడు
సారయ్య

తా.క. రాక్షసుని పేరొక్కటి చెప్పున్రి. కింద రాస్త.

---

సిద్దిపేట
మార్చి 14

సారయ్యకు,

పేరు గౌరి. అది కొండవ్వ వాళ్ళ పెయ్య. మేస్తూ మేస్తూ బావిలో పడింది. ఇప్పుడు ఆవైంది, మూడు ఈతలు ఈనింది. కొండవ్వ సభకు వస్తోంది. తన గౌరి మెడకు ఉరి చూస్తే నిన్నూ నన్నూ ఇద్దరినీ బావిలో తోస్తుంది. కోరలు వెంటనే తీసెయ్యి.

రెండో సంగతి. సోమవారం గజేందర్ అన్నం ముందు కూర్చుని ఏమన్నాడో విను. "అవ్వా, ఇయ్యాల చేర్యాల దిక్కు నుంచి ఒక ముసలాయన వచ్చిండు. మనిషి అనుమానంగున్నడు. 'మంట మంచిగ లేవాలంటె ఏ ఇల్లు మంచిది సారూ? అంటుకున్నంక ఏ రంగుల కనవడ్తది సారూ?' అని అడుగుడు. మాటిమాటికి నా మొఖం దిక్కు చూసుడు, కాయితం మీద ఏందో గీసుకునుడు. పోలీసోళ్ళ చెవుల ఒక మాట ఏసిన."

నేను చారు పోశాను. ఇంకేం చేయను? చెబితే పటం సంగతి బయటపడుతుంది, చెప్పకపోతే నువ్వు లోపల పడతావు. పటం పూర్తయ్యేదాకా సిద్దిపేట వైపు రాకు.

ఇట్లు
స్వరాజ్యలక్ష్మి

తా.క. టీ ఇచ్చారా? ఇవ్వకపోతే చెప్పు, వాణ్ణి అడుగుతాను. అనుమానితుడికైనా టీ ఇవ్వాలి.

---

చేర్యాల
ఏప్రిల్ 24

టీచరమ్మకు సారయ్య దండాలు.

టీ ఇచ్చిన్రు, బిస్కెట్లు గూడ. పటం మా అల్లుడు కృపాకర్ చేతికిచ్చి పంపుతున్న. నేను సభకు రాను. గాడ పోలీసోళ్ళుంటరు.

కోరలు తీసేసిన. ఆవును ఆవు లెక్కనే చేసిన. మీ కొడుకు కాలు కిందికి దింపి, చేతిల పచ్చగడ్డి పెట్టిన. మీరు చెప్పిన మాట యాదిపెట్టుకుని కాలినయేవీ గీయలే. మిగిలినయే గీసిన. ఏడు వాములు, బర్రెలు, ఇండ్లు, బడి, దుకాణాలు. ఎవల పని వాళ్ళు చేసుకుంటున్నరు. అగ్నిదేవుడు కొమురవెల్లి గుండంల తప్ప యాడ లేడు. ఆయనకు కోపం రాదు, నాకు పాపం తాకది.

ఆఖరి గడిల మాత్రం రాక్షసుడున్నడు. ఈసారి నిజమే. స్టేషన్ల "మీరు దేనికి భయపడ్తరు సారూ?" అంటె మీ కొడుకు నవ్వి, తన నోటితోనే చెప్పిండు. సభల్నే విప్పున్రి. ముందుగాల చూడకున్రి.

మీ శిష్యుడు
సారయ్య

తా.క. గీ ఉత్తరం అందేటాల్లకు నేను ఊర్ల ఉండ. యాడికి పోయిన్నో ఎవరడిగినా మా ఇంటామె చెప్పది. ముఖ్యంగ మీరడిగితె.

---

సిద్దిపేట
మే 2

సారయ్యకు స్వరాజ్యలక్ష్మి రాయునది,

సభ జరిగింది. పటం ఒక కొస సంతోష్ పట్టుకున్నాడు, ఒక కొస గజేందర్ పట్టుకున్నాడు. విప్పుతూ విప్పుతూ గజేందర్ ఆగిపోయాడు. తర్వాత వేలు పెట్టి ఒక్కొక్కటే చూపడం మొదలుపెట్టాడు. "ఇది వాముల ఊరు. గిది కొండవ్వ గౌరి. గీ దుకాణం కాలినప్పుడు పక్కన బడి ఉండె, గిదే." నా వైపు తిరిగి, "ఇన్ని ఉన్నయా అవ్వా?" అన్నాడు. ఉన్నాయిరా అన్నాను. శాలువా కప్పించుకున్నాడు.

ఇక ఆఖరి గడి. గడపలో ఒక ఆడమనిషి. నిమ్మకాయలంత కళ్ళు, ఒక చేతిలో చింతబరిగె, ఒక చేతిలో చల్లారిన అన్నం పళ్ళెం. ఎదురుగా నా కొడుకు హెల్మెట్ చేతిలో పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు. గౌరికి తీసిన కోరలు పారేయలేదన్నమాట, నాకు పెట్టావు. సభంతా నవ్వింది. రోజారాణి అయితే కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది. ఇది అబద్ధమన్నాను. "గిదొక్కటి ఫోటో దిగినట్టున్నదే అవ్వా" అన్నాడు గజేందర్. ముప్పై ఆరేళ్ళలో వాడు అంత నవ్వడం నేను చూడలేదు. అందుకని చెరపమని అడగడం లేదు.

పోలీసులకు గజేందర్ నచ్చజెప్పాడు. ఎక్కడ దాక్కున్నావో గాని, వచ్చి అన్నం తిని పో. వేడిగానే పెడతాను.

ఇట్లు
స్వరాజ్యలక్ష్మి

తా.క. పటం ముందుగదిలో గోడకు వేలాడదీశాం. నిన్న కొండవ్వ వచ్చి ఆఖరి గడికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "ఎల్లమ్మ తల్లీ, నా గౌరిని సల్లగ జూడు" అని మొక్కింది. నేను పక్కనే కుర్చీలో ఉన్నాను. సరే, చూస్తానన్నాను.