నక్షత్రం తీసి చుక్క పెట్టిన రోజు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ బావా నేనూ బాగానే ఉన్నాం. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను. బావ మాత్రం నిజంగానే బాగున్నాడు. నీ పాత రేడియో బాగుచేస్తానని కూర్చుని మూడు మరలు మిగిల్చాడు. ఎక్కడివి అంటే, "కంపెనీవాడు ఎక్కువ వేశాడు" అంటున్నాడు.

రెండో విడత మందు ఎక్కించాక నోరు పూసి మంచినీళ్ళు కూడా దిగడం లేదని మరదలు రాసింది. నీ సైకిల్ గురించి అడిగావు. వరండాలోనే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను. ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం దొరికిందని రాశావు. ఆ మాట ఒక్కటే ఊరటగా ఉంది.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లో అడిగిన సంగతి. ఊపిరితిత్తిలో మచ్చ ఉందని స్కానింగ్ రిపోర్టులో ఆనాడే ఉంటే, నిన్ను వెనక్కి రమ్మనే ఉత్తరం ఎందుకు రాలేదు? నాలుగు నెలలు పోయి, దగ్గితే రక్తం పడ్డాక గానీ ఎందుకు తెలియలేదు? ఆ స్కానింగ్ సెంటర్లోనే పనిచేస్తున్నావు కదా, ఎవరివల్ల జరిగిందో కనుక్కో అన్నావు. కనుక్కుంటున్నా అని రెండుసార్లు రాశాను. రెండుసార్లూ అబద్ధమే.

మా పని నీకు తెలుసు. ఒక్కో మనిషి రిపోర్టు ఒక్కో ఫైలు, పేరుండదు, నంబరే. పొద్దున నేను టైపు చేస్తాను. వెంటనే పిలవాల్సినవాళ్ళ ఫైలు పక్కన, కంప్యూటర్లో మేం టైపు చేసే ఎడిటర్ ప్రోగ్రాం చూపించే జాబితాలో, ఒక గుర్తు పెడతాను. మధ్యాహ్నం టైపిస్టు వచ్చి, నేను తెరిచి ఉంచిన ఆ జాబితా చూసి, గుర్తున్నవాటికి ఉత్తరాలు పంపుతుంది. ఆ గుర్తు మొదట్నుంచీ నక్షత్రం. అది పెట్టినప్పుడల్లా ఎవరింట్లోనో పిడుగు పడబోతోందని నా గుండె కలుక్కుమనేది.

నువ్వు స్కానింగ్‌కని వచ్చి మా ఇంట్లో ఉన్నావే, ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర ఈ మాటే అన్నాను. "దానికేముందే అక్కా, గుర్తు మార్చుకోవచ్చు. నీకేం కావాలో చెప్పు" అన్నావు. "కనపడీ కనపడనట్టు ఒక చుక్క చాలు" అన్నాను. "కంటికి ఆనకపోతే గుర్తెందుకే, పిచ్చిమొహమా" అని నవ్వుతూనే, ఆ ఎడిటర్ సెట్టింగుల ఫైల్లో చేర్చమని పెన్సిలుతో రెండు వరుసలు రాసిచ్చావు.

మర్నాడు ఆఫీసుకెళ్ళగానే చేర్చాను. నలభై రిపోర్టులు టైపు చేశాను. ఒకదాని పక్కన చుక్క పెట్టాను. నా పాటికి నేను ఇంటికొచ్చాను. గుర్తు మార్చానని టైపిస్టుకి చెప్పలేదు. ఆవిడ నక్షత్రాల కోసం చూసింది, లేవనుకుని జాబితా మూసేసింది. మూస్తే గుర్తులన్నీ పోతాయి.

ఆ మర్నాడు డ్యూటీ మారేటప్పుడు ఆవిడ అడిగింది.

"నిన్న నక్షత్రం ఒక్కటీ లేదేంటమ్మా?"

నవ్వి చుక్క సంగతి చెప్పాను.

"అయితే నిన్న చుక్కలేమైనా పెట్టావా?"

పెట్టానో లేదో అప్పుడు జ్ఞాపకం రాలేదు. జాబితా చూశాను, అంచు ఖాళీ. "లేవులెండి, ఉంటే కనపడేవిగా" అన్నాను. మూస్తే పోతాయని నాకు తెలుసు. నలభై ఫైళ్ళు మళ్ళీ తెరిచి చూస్తే గంట పని. చూడలేదు. ఆ ఒక్క చుక్క నీదిరా.

ఇంతటితో అయిపోలేదు. మరదలు చేసిన ఫిర్యాదు మీద విచారణ జరిగినప్పుడు ఆ టైపిస్టు, "నాకు గుర్తేమీ కనపడలేదండీ" అని మొత్తుకుంది. చుక్క ఏ రోజు నుంచి వచ్చిందో ఆవిడకి జ్ఞాపకం లేదు. నాకుంది. సూపరింటెండెంట్ నన్నడిగితే, "గుర్తు పెట్టకుండా నేనెప్పుడూ వదలనండీ" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆ మాటతోనే ఆవిడ ఉద్యోగం ఊడింది. పదిహేను రోజులుగా ఆవిడ కుర్చీ ఖాళీ. దాని పక్కనే కూర్చుని టైపు చేశాను.

ఈ పొద్దున నీ పెన్సిలు కాగితం తీసుకెళ్ళి సూపరింటెండెంట్ బల్లమీద పెట్టి అంతా చెప్పాను. ఆయన ఆ కాగితం చదివి, "మీరు ఇంటికి వెళ్ళండమ్మా" అన్నారు. అటునుంచటే టైపిస్టు ఇంటికి వెళ్ళాను. విని తలుపేసుకుంది. ఆ రెండు వరుసలు రాసింది నువ్వని నిన్ను నువ్వు తప్పుపట్టుకోకు. నా మీద ఒట్టు. కంటికి ఆనకపోతే గుర్తెందుకని నువ్వు అననే అన్నావు.

"మనిషి దొరికితే తిట్టను. ఆ పూట ఆ సీట్లో కూర్చుని ఏం ఆలోచిస్తున్నారో అదొక్కటీ అడగాలి" అని రాశావు. చెబుతాను. చుక్క పెట్టిన ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి నీ బస్సు. గబగబా ఇంటికొచ్చి, నువ్వెళ్ళేలోగా నీ పక్కన కూర్చుని ఒక్క ముద్ద తినాలని ఆలోచిస్తున్నాను.

ఇట్లు,
నువ్వు అడిగిన మనిషి,
మీ అక్క