డిబేట్‌లో మా ఆయన

జనవరి 11, శనివారం

ఈ నెల స్కూల్ డిబేట్ టాపిక్: యూరప్ కూటమిని వదిలాక బ్రిటన్ వ్యాపారం బాగుపడుతుందా, చెడుతుందా. అమెరికాలో ఈ కమ్మింగ్ ఊరి పిల్లలకు ఈ గొడవ ఎందుకో నాకు అర్థం కాలేదు. ప్రతి స్కూలూ పేరెంట్స్‌లోంచి జడ్జిలను పంపాలట. అవని నా పేరిచ్చేసింది. ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో అన్నేళ్లు ఉన్నావుగా మమ్మీ, నీకు ఈజీ అంది. కోచ్ మాత్రం, మీకు తెలిసినదంతా బయట వదిలేసి రండి, రూమ్‌లో పిల్లలు చెప్పిందే లెక్క అన్నాడు. గుమ్మం దగ్గర వదలడానికి అదేమైనా చెప్పుల జతా?

జనవరి 12

అవని తన కేసు, అంటే డిబేట్‌లో చదవబోయే వాదన, చదివి వినిపించింది. అందులో ఒక చిన్న వ్యాపారి ఉన్నాడు. లెస్టర్ నుంచి డబ్లిన్ షాపులకు సున్నుండలు పంపేవాడు. బ్రిటన్ బయటికి వచ్చాక, నెయ్యి ఉన్న సరుకని కొత్త సర్టిఫికెట్లు అడిగారు. లారీ రేవులో ఆగిపోయింది. ఆర్డర్లు పోయాయి. ఆ వేసవిలో మనిషి గుండె ఆగింది.

పేరు పెట్టలేదు. గౌరీశంకర్, నా మొగుడు.

నన్ను అడక్కుండా ఎలా పెట్టావన్నాను. నాకు నాన్న కదా అంది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తీసేయమన్నాను. అప్పటికే అన్ని టీమ్‌లూ చూసే సైట్‌లో అప్‌లోడ్ చేసేసిందట. ఇక ఎవరైనా వాడుకోవచ్చట.

జనవరి 18

ఇవాళ పోటీల్లో జడ్జిగా కూర్చున్నాను. ఎవరో పక్క ఊరు అల్ఫారెట్టా కుర్రాడు, సూట్ వేసుకుని, లెస్టర్ స్వీట్ సెల్లర్ అంటూ మొదలుపెట్టాడు. నా పెన్ను ఆగిపోయింది. తర్వాతి రౌండ్‌లో ఇంకో అమ్మాయి. ఆ తర్వాత మరొకరు. ఈయన లేని రూమ్ లేదు. ఒక్క మనిషి కథ ఎవిడెన్స్ కాదని అవతలివాళ్లు అన్నారు. అతను కొత్త రూల్స్‌కి అడాప్ట్ కాలేకపోయాడు, ఐర్లండ్‌లో గోడౌన్ తీసుకోవాల్సింది అన్నారు. చిన్నపిల్లలు, వాళ్లనేమనగలను.

జనవరి 19

గోడౌన్ చూడ్డానికి డబ్లిన్ టికెట్ బుక్ చేసుకున్నాకే పోయాడు. ఆ సంగతి ఏ కేసులోనూ లేదు.

జనవరి 22

ఆఫీస్ మీటింగ్‌లో ఎవరో కస్టమ్స్ అన్నారు. చప్పున వెనక్కి తిరిగి చూశాను, ఆయన వచ్చి నిలబడ్డాడేమోనని. ఎవరూ లేరు. అప్పుడు భయం వేసింది.

ఏ వైపు వాదించాలో తేల్చే టాస్ ఎటు పడుతుందో తెలియదు కాబట్టి అవని రెండు వైపులా ప్రిపేర్ కావాలి. స్వీట్ సెల్లర్‌కి జవాబు రాసుకుంటోంది. తలుపు వేసుకుంది. లోపల ఏడుస్తున్నట్టుంది. తట్టబోయి ఆగాను.

జనవరి 25, సాయంత్రం

ఆఖరి రౌండ్. బ్రిటన్‌కి మంచే జరిగిందన్న టీమ్ తడబడింది. రెండో టీమే బాగా వాదించింది, అందులో అనుమానం లేదు.

కానీ మొదటి టీమ్ కేసులోనూ స్వీట్ సెల్లర్ ఉన్నాడు. ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకోవడంలో చావు ఎక్కడో జారిపోయింది. ఐర్లండ్‌లోనే తయారీ పెట్టాడట. నలుగురికి పని ఇస్తున్నాడట. బాగున్నాడట.

ఆ మొదటి టీమ్‌నే గెలిపించి వచ్చాను.