నిమ్మకాయతో ఎగిరిన విమానం

బావా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. బతికుండగా మాత్రం నా ఉత్తరాలు చదివావా ఏమిటి! నువ్వు పోయిన ఏడాదికి, నీ రిమోటు విమానం ఇవాళ ఎగిరింది.

నువ్వు సగంలో వదిలేసిన తోకను నేనే కట్టాను. బాల్సా చెక్క పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. సాలూరులో నలభై ఏళ్లు లారీలకు బాడీలు కట్టినవాణ్ణి, అంత తేలిక వస్తువును నమ్మలేక బంక దట్టంగా పట్టించి, తోక నుంచి పొట్టదాకా లారీ రంగు కూడా వేశాను. ఆ రంగు డబ్బాకో కథ ఉంది, అది వద్దులే. రెక్కల కింద వేళ్లు పెట్టి ఎత్తితే తోక కిందికి వాలిపోయింది.

"ముక్కులో బరువెట్టాలే" అన్నాను మా అప్పతో, అదే, మీ ఆవిడతో. తను వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చింది.

"కొత్త బండి నిమ్మకాయ లేకుండా ఎలాగెల్తాదిరా? ఇదెట్టు."

బ్యాటరీ పక్కన దూర్చాను. తూకం కుదిరింది!

కోత అయిన వరిమడిలో విమానం పెట్టి, రిమోటు మీట తొయ్యకుండా ఆగిపోయాను. కూలితే నీ చేతిపని మరి దొరకదన్నాను.

"కూలితే కూలుతాది. అటకమీదుంటే ఎగురుతాదేటి?" అంది అప్ప.

లేచింది బావా! నువ్వు కలగన్నట్టే గుండ్రంగా పల్టీ కొట్టి, రంగు పొట్ట చూపించి వచ్చింది. దింపి, "సూసినావా?" అన్నాను.

"ఏటి సూడ్డం! బయమేసి కళ్లు మూసీసుకున్నాను. ఇంకోపాలి తిప్పరా."

బ్యాటరీ ఛార్జింగులో పెట్టి ఇది రాస్తున్నాను. అప్ప చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఉంటాను.