బూడిద లేని దండెం

ఏవండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. ఇవాళ పేపర్లో మీ ఫ్యూజన్ గురించి మళ్లీ రాశారు. సూర్యుడిలో పుట్టే వేడిని ఇక్కడే పుట్టించి కరెంటు తీస్తారట. బొగ్గుండదు, బూడిదుండదు. ఎప్పటికయ్యా అంటే, ఇంకో ముప్పై ఏళ్లకట! మీరు థర్మల్ స్టేషన్లో బాయిలర్ దగ్గర పనిచేసే రోజుల్లోనూ ఇదే మాట నాకు చదివి వినిపించేవారు.

"మీ ఫ్యూజన్ వచ్చేదాకా ఈ తడిబట్టలు పట్టుకుని నిలబడనా?" అని విసుక్కునేదాన్ని. మీరు నవ్వి, స్టేషన్ పొగగొట్టం నుంచి వచ్చి మన క్వార్టర్స్ దండెం మీద పడ్డ బూడిదంతా గుడ్డతో తుడిచేవారు. ఆ తర్వాతే నన్ను చీర ఆరెయ్యనిచ్చేవారు.

క్వార్టర్స్ వదిలి పటమట వచ్చాక పొగగొట్టమే కనపడలేదు. అయినా మీరు తుడవడం మానలేదు. ఒకరోజు ఆ గుడ్డ లాక్కుని, "ఏదండీ బూడిద? చూపించండి" అన్నాను. "అలవాటేలే" అని చిన్నబుచ్చుకున్నారు.

ఇవాళ మనవరాలికి ఆ వార్త చదివి వినిపించాను. "తాతయ్య ఉంటే ఊరంతా చెప్పేవారు" అంది. నేను బట్టల బకెట్టు తీసుకుని మేడెక్కాను. అదీ వెనకాలే వచ్చింది.

"అమ్మమ్మా, దండెం శుభ్రంగానే ఉందిగా, ఎందుకు తుడుస్తున్నావ్?"

చేతిలో గుడ్డ చూసుకున్నాను. తెల్లగా ఉంది.

"అలవాటేలే" అన్నాను.

ఆ రోజు మీరెందుకు చిన్నబుచ్చుకున్నారో అప్పుడు తెలిసింది.