నాలుగో నంబరు కప్పు

సెప్టెంబరు 2, మంగళవారం

ఎనిమిది కప్పులూ చూశాను. ఐదు, ఆరు, రెండు, ఒకదాంట్లో ఏమీ లేవు... నాలుగో నంబరులో నలభై ఒక్క గుడ్లు. భూతద్దం తుడిచి మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఒకటే.

పక్కింటి గౌరి నా వెనకాలే. ఆరో నెల, కూర్చుంటే లేవలేదు, అయినా ఇంట్లో ఉండదు. "దోమలకి పురుడు పోస్తన్నావేటొదినా?" అని నవ్వు. ఎన్నిసార్లు చెప్పాలి — నల్ల కప్పులో నీళ్లు, అందులో గరుకు కాగితం, దోమ వచ్చి దాని మీద గుడ్లు పెడుతుంది. ఆ లెక్క ఫోన్లో ఎక్కిస్తే జ్వరాలు రాకముందే, రెండు మూడు వారాల ముందే, అందులోని పటంలో పేట రంగు మారుతుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. "డెంగీ దోమ, పగలే కుడతాది. నవ్వకు."

ఎక్కించాను. పసుపైంది.

నిన్న ఆయన గుజరాత్‌లోని వేరావల్ నుంచి ఫోన్ చేశాడు. "రేపు ఏటకి ఎల్తన్నాం. ఇరవై రోజులు. సిగ్నలుండదు, కంగారు పడకండి. అమ్మకి సెప్పు." వెనక నుంచి గౌరి మొగుడు ఎర్రయ్య అరుపు — "గౌరిని సూసుకో వొదినా." ఇద్దరూ ఒకటే బోటు.

సెప్టెంబరు 3

నాలుగో కప్పు దగ్గర ఏముందని వెతకనక్కర్లేదు. మా నావ ఉంది. ఆయన వెళ్లినప్పటినుంచీ ఒడ్డున అలాగే పడి ఉంది. అరల్లో వాన నీళ్లు మోకాలి లోతు. వంగి చూశాను. అమ్మో... కుతకుతలాడుతున్నాయి లార్వాలు.

ఊళ్లో అందరి తొట్లూ బోర్లించమని నోరు నొప్పెట్టేలా తిరిగేదాన్ని నేను. ఆశ కార్యకర్త ఉద్యోగం నాది. పురుగులు నా నావలో. ఛీ.

బకెట్టుతో తోడాను, నడుం పడిపోయింది. సాయంత్రం వాన. నిండింది.

సెప్టెంబరు 5

రంపప్పొట్టు మూటకట్టి, పాత ఇంజన్ ఆయిల్లో ముంచి, పురుగులు చావాలని నీళ్లలో వేశాను. వానకు నావ పొంగి మూటలన్నీ ఇసుకలో పడ్డాయి. దోమల మందు కోసం ఆస్పత్రికి వెళ్తే "ఇంకా రాలేదమ్మా".

ఇంజను ఎలాగూ తీసేశారు. పదిమంది ఆడవాళ్లం పట్టి బోర్లిస్తే గంట పని. అత్తతో అదే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఏటే? ఏటన్నావు? మళ్లీ అను."

బకెట్టు కింద పెట్టాను.

"మడిసి తిరిగి రానప్పుడు బోర్లిస్తారే నావ. నా కొడుకు బతికున్నాడే! నీ దోమలకోసం ఆడిని సంపీస్తావా?"

నాకు తెలియనిదా. నేనూ ఈ పేటలోనే పుట్టాను. మామ వేటకెళ్లి రానప్పుడు పదకొండో రోజున పెద్దలు నావ బోర్లించారు. అత్తని ఇంట్లో కూర్చోబెట్టారట. చూడలేదు, చప్పుడు మాత్రం విన్నదట. ఇప్పటికీ గాలికి తలుపు పడితే ఉలిక్కిపడుతుంది.

సెప్టెంబరు 6

గౌరి కూడా — "ఒద్దొదినా. మా ఆయనా ఆ బోటులోనే ఉన్నాడు కదా." చదువుకున్న పిల్ల. ఇంటర్ పాసైంది.

మధ్యాహ్నమంతా ఆ నావ నీడలోనే కూర్చుంటుంది. గాలి బాగా వస్తుందట అక్కడ. లేవవే అని తిట్టాను. పొడుగు చేతుల జాకెట్టు వేసుకోమన్నాను. "ఉక్కపెట్టి సస్తాను" అంది.

సెప్టెంబరు 9, మంగళవారం

నాలుగో నంబరు — యాభై ఎనిమిది.

సూపర్‌వైజర్ సారు వచ్చాడు. నా ఫోన్ చూశాడు. "ఏటి ఆశమ్మా, మీ పేట ఇలాగున్నాది? ఇంకో వారం ఇదే లెక్కయితే ఎరుపొస్తాది. ఎరుపొస్తే టీము దిగుతాది. నీళ్లున్న పెతీదీ బోర్లించీసి పోతారు, ఎవుర్నీ అడగరు."

సారు మామూలుగానే అన్నాడు. గుమ్మంలో చేపలు తోముతున్న అత్త చెయ్యి ఆగింది. నా వైపు చూసింది. ఆ చూపుకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 10

నాలుగో కప్పు తీసి బడి గోడ పక్కన పెట్టాను. ఎండ పడే చోట.

సెప్టెంబరు 16, మంగళవారం

నాలుగో నంబరు — రెండు. పేట ఆకుపచ్చ. సారు గ్రూపులో చప్పట్లు పెట్టాడు. మిగతా ఊళ్ల ఆశలు ఎలా తగ్గించావని అడుగుతున్నారు.

అత్త ఈ రోజు పండుగప్ప పులుసు వండి, తల ముక్క నాకు వేసింది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో మొదటిసారి.

తిన్నాను. సిగ్గు లేకుండా తిన్నాను.

సెప్టెంబరు 18

తోడడం, నిండడం. తోడడం, నిండడం. చేతులు బొబ్బలు.

సెప్టెంబరు 24

ఇరవై రోజులు దాటాయి. ఆయన ఫోన్ కలవడం లేదు. ఎర్రయ్యదీ అంతే. రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతుంది, ఎప్పుడూ అవుతుంది... గౌరికీ అదే చెప్పాను. అత్త వేళ్లు మడిచి లెక్కపెడుతోంది. నేను చూస్తే ఆపేస్తుంది.

సెప్టెంబరు 26

గౌరికి జ్వరం. పొద్దున్న ఒళ్లు పట్టుకుంటే కాలిపోతోంది. "కళ్లెనకాల పోటు వొదినా, తల పగిలిపోతంది." ఆటోలో తీసుకెళ్లాను. రక్తం తీశారు.

డెంగీ.

కడుపుతో ఉంది కాబట్టి ఇక్కడ వద్దన్నారు. శ్రీకాకుళం పంపించారు. వాళ్లమ్మ తోడు వెళ్లింది. ఆటో ఎక్కుతూ గౌరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, "ఆయన ఫోన్ సేత్తే సెప్పకొదినా, బెంగెట్టుకుంటాడు" అంది.

సెప్టెంబరు 27

ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయట. బిడ్డ కదలిక ఉందంటున్నారు... ఉందంటున్నారు.

ఫోన్ తెరిచాను. పేట ఇంకా ఆకుపచ్చగానే ఉంది. నా చేత్తో నేను వేసిన రంగు.

సెప్టెంబరు 28, ఆదివారం

ఇల్లిల్లూ తిరిగాను. నావ బోర్లించడానికి ఒక్క చెయ్యి వెయ్యండి అని. "మొగుడు ఊసు తెలీకుండా ఉంటే నీకిదేటి బుద్దే?" "మాకొద్దమ్మా, మా మగాళ్లూ సముద్రం మీదే ఉన్నారు." ఒకావిడ మొహం మీదే తలుపేసింది.

చివరికి కుళాయి దగ్గర అందరూ ఉండగా చెప్పేశాను. "ఎరుపొస్తాదని భయపడి కప్పు నానే జరిపినాను. గౌరికి జొరం మా నావలోంచే ఒచ్చింది. రేపు మీ గుంటలకి, సంటి పిల్లలకి ఒస్తాది. ఇప్పుడు తిట్టండి."

బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ తియ్యలేదు. తర్వాత ముగ్గురు కొంగులు బిగించారు. తర్వాత ఆరుగురు.

నీళ్లు తోడాం. పట్టాం. లేవలేదు. మళ్లీ పట్టాం. పక్కకి ఒరిగింది, ఒక్క క్షణం నిలబడింది... పడింది. అంత చప్పుడవుతుందని నేను అనుకోలేదు.

తిరిగి చూస్తే గుమ్మంలో అత్త. లోపలికెళ్లి తలుపు నెమ్మదిగా వేసుకుంది.

సెప్టెంబరు 30, మంగళవారం

కప్పు పాత చోటే పెట్టాను. సారుకి అంతా చెప్పాను. తల పట్టుకుని కూర్చున్నాడు. "పైవోళ్లెవుర్తోనూ అనకు. నీ ఉజ్జోగం పోతాది, నాదీ పోతాది. ఇకనుంచి సరిగ్గా ఎక్కించు." అందరం ఇలాగే కదా దాచుకుంటాం. కానీ చేసింది నేను.

పేటలో ఇంకో రెండు జ్వరాలు. ఎక్కించాను. పసుపు. పొగ మిషను వచ్చి వెళ్లింది.

అత్త మాట్లాడటం లేదు. రెండు కంచాలు పెడుతుంది, తనది తీసుకుని గోడ వైపు తిరుగుతుంది.

అక్టోబరు 3

గౌరికి జ్వరం దిగింది. బిడ్డ బాగుంది. తన్నుతోందట! ఫోన్లోనే ఏడ్చేశాను, ఏం దాచుకోను.

తను ఏడవలేదు. "నావ బోర్లించీసినారంట కదొదినా" అంది.

ఊఁ అన్నాను.

ఫోన్ పెట్టేసింది.

అక్టోబరు 5

ఆయనవాళ్లతోపాటు బయల్దేరిన రెండు బోట్లు వేరావల్ రేవుకు వచ్చాయట. వీళ్లది రాలేదు. ఫోన్ చేస్తే బోటు ఓనరు "గాలి ఎక్కువున్నాది, ఎక్కడో ఆగుంటారు, ఒచ్చేస్తారు" అన్నాడు. రెండోసారి చేస్తే ఎత్తలేదు.

అత్తకి ఎవరు చెప్పారో తెలియదు. కంచం ముట్టుకోలేదు.

అక్టోబరు 6

నావ వైపు చూడకుండా నీళ్లకి వెళ్లే దారి లేదు ఈ ఇంట్లోంచి. నాకు నమ్మకాలు లేవు అనుకునేదాన్ని. తిరగెయ్యనా మళ్లీ, అని పొద్దున్నుంచి ఒకటే ఆలోచన. వాన పడితే? గౌరి రేపో ఎల్లుండో ఇంటికొస్తుంది.

అక్టోబరు 7, మంగళవారం

నాలుగో నంబరు — మూడు. నిజం లెక్కే. పేట ఆకుపచ్చ.

గుమ్మంలో కూర్చుని ఎక్కిస్తున్నాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది. తొమ్మిది రోజుల తర్వాత.

"ముందే సెప్తాది అంటావు కదే ఆ పోను. ఏటి సెప్తంది?"

పేట గురించే అడుగుతోందనుకున్నాను. "పచ్చగున్నాది అత్తా."

"ఏదీ."

ఇచ్చాను. రెండు చేతుల్లో పెట్టుకుంది. తెర ఆరిపోతే నా వైపు జాపింది. వెలిగించాను. మళ్లీ ఆరింది, మళ్లీ వెలిగించాను. అక్షరం రాని మనిషి. రంగు చూస్తోంది.

"ఎరుపైతే సెడ్డ కదా?"

"ఊఁ."

"పచ్చగుంటే ఆడు బాగున్నట్టే కదే?"

నోరు తెరిచాను. అది దోమల లెక్క అత్తా, పేటకే, సముద్రానికి కాదు — ఇంతే చెప్పాల్సింది. రెండు రోజులుగా మెతుకు ముట్టని మనిషి మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది.

"బాగున్నట్టే" అన్నాను.

లేచింది. లోపల గిన్నె చప్పుడు. చాలాసేపు తిన్నది. నాకూ పెట్టింది, ఎదురుగా కూర్చుని.

"మళ్లీ మంగళారం సూపియ్యే" అంది.

వాన మొదలైంది.