డాక్టరుగారి హాజరు

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, పిల్లలూ కులాసా. పక్షవాతం వచ్చిన కుడిచెయ్యి ఒక్కటే కులాసాగా లేదు. దాని సంగతి నీకు తెలిసిందే.

నా అక్షరాలు కోడి కెలికినట్టున్నాయనీ, ఎవరిచేతనైనా రాయించమనీ కిందటి ఉత్తరంలో రాశావు. రాయించను. నా ఎడమచెయ్యి ఇప్పుడిప్పుడే ఓనమాలు దిద్దుతోంది, కాస్త ఓపిక పట్టు. నీ మోకాళ్ళ మందు వేసుకుంటున్నావా? నాకు జాగ్రత్తలు చెప్పడంలో ఉన్న శ్రద్ధ నీ ఒంటి మీద లేదు నీకు.

పింఛనుకి వైద్యపరీక్ష అయిందా అని అడిగావు. కాలేదు. నాలుగుసార్లు రమ్మన్నారు, నాలుగుసార్లూ వెళ్ళాను. రెండు బస్సులు మారి, మూడంతస్తులు ఎక్కితే, కిటికీలోని గుమాస్తా తల ఎత్తకుండానే, "ఇవాళ డాక్టరుగారు రారండి. రద్దయింది. ఉత్తరం వస్తుంది, వెళ్ళండి" అంటాడు. నాలుగోసారి తరవాత నిజంగానే ఉత్తరం వచ్చింది. పరీక్షకు నేనే రాలేదట! ఇంకోసారి రాకపోతే దరఖాస్తు కొట్టేస్తారట. ఒళ్ళు మండిపోయిందమ్మా.

పద్దెనిమిదేళ్ళు మిల్లు గేటు దగ్గర హాజరుపట్టీ రాసినదాన్ని. నాకా హాజరు నేర్పేది? ఓ పుస్తకం కొని, ఎడమచేత్తోనే గళ్ళు గీసుకుని, అయిదోసారి చంకలో పెట్టుకు వెళ్ళాను. బెంచీల మీద ఇంకో పదకొండుమంది ఉన్నారు. అందరికీ అదే ఉత్తరం వచ్చిందట. పేర్లూ, వచ్చిన వేళా రాసి సంతకాలు పెట్టించాను. అన్నిటికన్నా పైన డాక్టరుగారి పేరు రాశాను. పదకొండింటికి గుమాస్తా రద్దన్నాడు. ఆయన గడిలో ఎర్రసిరాతో గైర్హాజరు వేశాను.

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. గుమాస్తా నవ్వలేదు.

"ఆ పుస్తకం ఇలా ఇచ్చెయ్యండమ్మా."

"ఇవ్వను బాబూ. ఇక్కడే చదువుకుని కింద సంతకం పెట్టండి."

"నేనెందుకు పెడతానండీ?"

"రద్దన్నది మీరే కదా. నోటితో అన్నది చేత్తో రాయండి."

అతను రాయలేదు, మేం కదల్లేదు. మూడింటికి పై అధికారి వచ్చి, అందరి మొహాలూ చూసి, 'కార్యాలయమే రద్దు చేసింది' అని రాసి సంతకం పెట్టాడు. పైవాళ్ళతో గొడవ పెట్టుకోకని రాశావు కదా. పెట్టుకున్నాను. మళ్ళీ పెట్టుకుంటాను.

ఇక ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచింది. మన గుమ్మానికి తల తగిలించుకునే పొడుగక్క గుర్తుందా? తనే మిల్లు మానేసిందని నీకు చెప్పాను. అబద్ధం. ఆ రోజు మేనేజరు వేళకన్నా ముందే గేటు మూయించాడు. అక్క ఊచలు పట్టుకుని, "చూస్తున్నావుగా, వచ్చానని రాయవే" అంది. నా ఉద్యోగం పోతుందని భయపడి, ఎదురుగా ఉన్న మనిషికి గైర్హాజరు వేశాను. ఆ నెలలో అక్కకది మూడో గైర్హాజరు. మూడైతే మిల్లులో పని పోయినట్టే. ఆమెను పనిలోంచి తీసేశారు.

నడుం పడిపోయి, మొన్న పింఛను ఆఫీసులో బెంచీ చివర కూర్చున్నది ఆవిడే. పుస్తకం తన దగ్గరికి తీసుకెళ్ళాను. పేరు రాశాను.

"వచ్చానని రాశావా?"

"రాశానక్కా."

గడిలో వేలు పెట్టి చదువుకుని మరీ సంతకం చేసింది. క్షమించానని అనలేదు. అడిగే మొహం నాకూ లేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఈసారి గళ్ళు నేను గీస్తాను. నీవి వంకర" అంది. బస్సులో ఏడ్చానమ్మా.

వచ్చే గురువారం మళ్ళీ రమ్మన్నారు. పన్నెండుమందిమీ వెళుతున్నాం. అక్క గళ్ళు గీసి పంపింది. డాక్టరుగారి గడి ఖాళీగా ఉంది. వస్తే నల్లసిరా, రాకపోతే ఎర్రసిరా. రెండు కలాలూ సంచిలో పెట్టుకున్నాను.

ఇట్లు,
ఎడమచేత్తో,
నీ పెద్దకూతురు