ముప్పై గ్రాముల నూనె

విజయవాడ,
ఆగస్టు, 2004

హఫ్సా, అస్సలాము అలైకుమ్.

నీ ఉత్తరం అందింది. మేమిక్కడ ఉన్నాం. కువైట్‌లో నువ్వు క్షేమంగా ఉండాలని రోజూ దువా చేస్తున్నాం. మేడమ్ ఇంట్లో పనిచేస్తుంటే ఇస్త్రీపెట్టె తగిలి చెయ్యి కాలిందని రాశావు, మానిందా? ఇక్కడ ఒకటే వానలు. ఆటోనగర్‌లో మా షెడ్డు ముందంతా బురదే. రిపేరుకు లారీలు తక్కువగా వస్తున్నాయి. ఒకందుకు మంచిదే, మన సనా దగ్గర ఎక్కువసేపు ఉంటున్నాను. నేను లేనప్పుడు పక్కింటి అమలమ్మగారు చూసుకుంటున్నారు.

నువ్వు అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. సనాకు మూర్ఛలు తగ్గడానికి అన్నం మాన్పించి, పూటకు ముప్పై గ్రాముల నూనె పెట్టమని డాక్టరమ్మ రాశారు కదా. నువ్వు వెళ్లేదాకా మందు సీసాతో వచ్చిన గీతల కప్పుతో ముప్పై మిల్లీలీటర్లు పోశావు. "గ్రాములూ అవీ ఒకటేనా? నా వల్లే బిడ్డకు తక్కువైందా?" అని అడిగావు. వన్‌టౌన్‌లో బంగారం పనిచేసే ఇస్సాక్ భాయ్ దగ్గరికి నూనె, కప్పు పట్టుకెళ్లాను. ఆయన త్రాసులో ముప్పై గ్రాములు తూచి కప్పుతో కొలిస్తే, ముప్పైమూడు మిల్లీలీటర్ల దాకా వచ్చింది.

"నీళ్లైతే గ్రాముకి మిల్లీలీటరే అఫ్రాజ్. నూనె నీళ్లమీద తేలుద్ది కదా, తేలిక. అదే బరువు రావాలంటే ఇంకాస్త పొయ్యాలి" అన్నాడు.

కాబట్టి తక్కువైన మాట నిజమే. నీకు అబద్ధం రాయను. అయితే ఆ తర్వాత నేను సరిగ్గానే పోశాను. డాక్టరమ్మను కూడా అడిగాను. "ఆ కాస్త తేడాకి జబ్బు పెరగదండీ. మీ ఆవిడ తప్పేం లేదని రాయండి" అన్నారు. అందుకే రాస్తున్నాను. ఇక ఆ దిగులు పెట్టుకోకు.

ఇన్నాళ్లూ రాయలేక దాచుకున్నది ఇప్పుడు చెప్పాలి. మూర్ఛలు తగ్గాయని రాశాను కదా, అది కొన్నాళ్లే. మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు సనా కాళ్లమీద నిలబడలేకపోతోంది. మాటలు ఒక్కొక్కటే పోతున్నాయి. మొన్న డాక్టరమ్మ స్కానింగ్ చూశారు.

"ఇది పెరిగే జబ్బండీ. నూనె ఆపేద్దాం. పాప ఏది తింటానంటే అది పెట్టండి" అన్నారు.

"ఎన్నాళ్లుంటదండీ?" అని అడిగాను.

"వాళ్లమ్మని పిలిపించండి" అన్నారు.

ఇంటికొచ్చి, అమలమ్మగారిచ్చిన పప్పుతో మెత్తగా అన్నం కలిపాను. ముద్ద దగ్గరికి తెస్తే సనా నోరు తెరవలేదు. "అమ్మీ తిడుద్ది" అంది. అన్నం తినకూడదని చెప్పి చెప్పి మనమే అలా అలవాటు చేశాం.

"తిట్టదమ్మా. అమ్మీయే పెట్టమంది" అన్నాను.

అప్పుడు తింది. మింగడానికి కష్టపడింది, దగ్గింది, అయినా "ఇంకొంచెం" అని అడిగింది. అమలమ్మగారు ఏడుస్తూ వాకిట్లోకి వెళ్లిపోయారు. నేను పెడుతూ కూర్చున్నాను.

నీ పేరు చెప్పి తినిపించాను హఫ్సా. ఇక నువ్వొచ్చి నీ చేత్తో పెట్టు. మేడమ్ కాళ్లు పట్టుకునైనా ఆవిడ దగ్గరున్న నీ పాస్‌పోర్టు తీసుకో. నీ మాటెత్తితే సనా ఇంకా గుమ్మం వైపు తల తిప్పుతోంది.

ఇట్లు,
సనా వాళ్ల అబ్బా,
అఫ్రాజ్